అత్తగారు తోమిన ఆర్కిడ్

స్నానాలగది కిటికీ గట్టు మీద అరచేతంత రాయి తళతళలాడుతోంది. అల్లుడు దాని ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అత్తగారు తలుపు దగ్గర తడిచేతులు తుడుచుకుంటోంది.

"ఈ రాయిని ఎవరు తోమారండీ?"

"నేనే బాబూ. పాచి పట్టి అసహ్యంగా ఉంటే బ్రష్షు పెట్టి రుద్దేశాను."

"అది పాచి కాదండీ, ఆర్కిడ్ మొక్క! రాళ్ల మీదే పెరిగే రకం."

"పెసరగింజంత ఆకులున్నదానికి మొక్క అని పేరు కూడానా? మరి పువ్వెంత ఉంటుందో?"

"ఆవగింజంత. భూతద్దం పెట్టి చూడాలి. ఈ వారమే మొగ్గ వేసింది."

"అందుకా రోజూ పొద్దున్నే లోపల గడియపెట్టుకుని అంతసేపు కూర్చుంటారు? మీకు మలబద్ధకమేమోనని నేను మా అమ్మాయి దగ్గర ఒకటే బాధపడ్డాను!"

"అత్తయ్యగారూ, రుద్దినదంతా ఏం చేశారు?"

"చెత్తబుట్టలో వేశాను. ఉండండి, వెతుకుతాను... ఇదిగో, రెండు ఆకులూ ఓ వేరూ దొరికాయి. బతుకుతుందా?"

"రాయికి దారంతో కట్టి, రోజూ నీళ్లు చిలకరిస్తే బతకొచ్చు. పూయడానికి మాత్రం రెండేళ్లు పడుతుంది."

"నా చేత్తో పాడుచేశాను, నా చేత్తోనే బతికిస్తాను. ఆదివారం వెళ్లిపోదామనుకున్నాను గానీ, ఇది పూసేదాకా ఇక్కడే ఉంటాను బాబూ."

అల్లుడు గబగబా వెళ్లి చెప్పులు వేసుకున్నాడు.

"ఇప్పుడెక్కడికి?"

"నర్సరీకండీ. అక్కడ పూసినవే అమ్ముతారు."