నడుంనొప్పి సాక్ష్యం

తుపాకీ లైసెన్సు రెన్యువల్ విచారణకు కౌకూర్‌లోని ఒక మాజీ సైనికుడి ఇంటికి వచ్చిన కానిస్టేబుల్ చాయ్ ముట్టలేదు. బ్యాంకు గార్డుగా చేస్తున్న ఆ మాజీ సైనికుడికి అతని చూపు నచ్చలేదు.

“నడుంనొప్పికి ఏం మందు వాడ్తున్నవన్నా?”

“ఏదో బామ్ రాస్త.”

“గంజాయి నూనె తాగుత లేవా?”

“గది నాకెందుకు? ఎవరన్నరు?”

“ఆయుర్వేదం డాక్టర్ రాసిస్తే తప్పు లేదు. కానీ గసొంటి మందు తాగేటోని చేతుల తుపాకీ ఎట్ల ఉంచుతవని పైన అడుగుతరు.”

“నేను తాగుత లేనని చెప్తున్న గదా!”

“మరి ఆదివారం చర్చిల వదిన లేచి సాక్ష్యం చెప్పింది. ‘గా గంజాయి నూనెతోనే దేవుడు నా పెనిమిటిని లేపి నిలబెట్టిండు’ అన్నది. నేను వెనక బెంచీల్నే ఉన్న.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“ఇగ చెప్పన్నా. అబద్ధం నీదా, వదినదా?”

“ఆమె దేవుని ముందర అబద్ధమాడది,” అంటూ అతను గోడకున్న తుపాకీ దించి కానిస్టేబుల్ ముందు పెట్టాడు.