ఆ సాంచెల దగ్గర ఎవరున్నారు?

సభాధ్యక్షులకు, పర్శరాములు గారి కుటుంబానికి, కోర్టు నుంచి వచ్చిన వకీళ్ళకు, షిఫ్టు వదులుకుని వచ్చిన కార్మిక సోదరులకు, అక్కలకు, చెల్లెళ్ళకు నమస్కారం.

మన పద్మనగర్ సమాజం హాలు ఇంతగా నిండడం నేను పెళ్ళిళ్ళకే చూశాను. ఇవాళ మెట్ల మీద కూడా నిలబడ్డారు. మన వకీల్ సాబ్ పర్శరాములు కోసం వచ్చారు. ఆయన లేడనే మాట నాకింకా నోటికి రావడం లేదు. పొద్దున దుకాణం తెరిచి, కోర్టుకు పోయే దారిలో ఇటు వస్తాడేమోనని రోడ్డు వైపే చూస్తున్నాను. రాడని తెలుసు. అయినా చూస్తున్నాను.

నా పేరు లక్ష్మీకాంతం. కోర్టు ఎదురుగా స్టేషనరీ దుకాణం నాది. పర్శరాములు, నేను ఇక్కడి తెలుగు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. తర్వాత ఆయన పగలు మరమగ్గాల కార్ఖానాలో సాంచెలు నడిపి, సాయంత్రం థానా పోయి లా చదివాడు. నేను చదువు మానేసి, చదువుకునేవాళ్ళకు కాగితాలు అమ్ముకుంటున్నాను.

మిత్రులారా, ఆయన దగ్గరికి ఎవరు వెళ్ళినా, ఏ గొడవ చెప్పుకున్నా, మొదట అడిగే ప్రశ్న ఒకటుండేది. మీలో చాలామంది ఆ ప్రశ్న ముందు నీళ్ళు నమిలినవాళ్ళే. "నువ్వు చూసినవా, ఇన్నవా?" అంతే. చూశానంటే కుర్చీ చూపించేవాడు. విన్నానంటే టీ తాగించి పంపేవాడు. అందుకే ఇవాళ నేను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్తాను. లేకపోతే ఆయన ఎక్కడున్నా ఊరుకోడు.

ముందు నేను చూసింది చెప్తాను. నిజాంపురాలో మా చిన్నాన్న ఇంటి గోడ మీద తగాదా వచ్చింది. నన్ను సాక్షిగా పెట్టుకున్నారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి, "ఈ గోడ మా చిన్నాన్నదేనని పద్మనగర్ మొత్తానికీ తెలుసు" అని గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు. "పద్మనగర్ మొత్తం బోన్ల పట్టది లక్ష్మీకాంతం. నువ్వొక్కనివే నిలబడుతవ్. నీ కండ్లు ఏం చూసినయో గంతే చెప్పు" అన్నాడు. నేను చూసింది చాలా తక్కువ. తాపీ మేస్త్రి ఇటుకలు పేరుస్తుంటే మా చిన్నాన్న అతనికి చాయ్ తెచ్చి ఇచ్చాడు. ఇది చెప్పడానికి సిగ్గుపడ్డాను. "గదే చాలు" అన్నాడు. కోర్టులో అదే నిలబడింది.

మనవాళ్ళకు ఈ సంగతి తలకెక్కడం కష్టం. ఎందుకో చెప్పనా? మన సమాజంలో పెద్దమనిషి ఒక మాట అన్నాడంటే మనమంతా చూసినట్టే లెక్క. ఆయన చెప్పాక మళ్ళీ మనం చూసేదేముంది? అది మన మర్యాద. నేను దాన్ని తప్పు పట్టను. కానీ కోర్టులో ఆ మర్యాద నడవదు. చూసింది చూసినవాడే వచ్చి చెప్పాలి. ఎదుటి వకీలు అడిగితే వాడే జవాబివ్వాలి. ఇంకొకడు చెప్పగా విన్నానంటే ఆ మాట పక్కన పెడతారు.

ఇక కనకయ్య సంగతి. మన మధ్య దీని గురించి గుసగుసలు చాలా నడిచాయి. ఇవాళ గొంతెత్తి చెప్తాను.

మనవాళ్ళలో ఊరికి పోయేవాడు తన సాంచెలు ఖాళీగా వదిలిపెట్టి పోడు. బావనో తమ్ముణ్నో తన బదులు బద్లీ నిలబెట్టి పోతాడు. హాజరీ కార్డు మీద పేరు మాత్రం మారదు. మేస్త్రికి తెలుసు, సేటుకు తెలుసు, మనకందరికీ తెలుసు. తిరిగి వచ్చేదాకా చోటు పోకూడదని మనం చేసుకున్న ఏర్పాటు అది. సిద్ధిరాములు పెళ్ళికని ఊరికి పోతూ తన అక్క సత్తెమ్మ భర్త కనకయ్యను నిలబెట్టాడు. ఆ సాంచెల దగ్గరే కనకయ్యకు కరెంటు కొట్టింది. ఒక్క మాట లేకుండా పోయాడు.

అది గాలయ్య సేట్ కార్ఖానా. గాలయ్య సేట్ పర్శరాములు గారికి సొంత బావ.

"బావ న్యాయంగనే చేస్తడు" అన్న నమ్మకంతోనే పర్శరాములు సత్తెమ్మ తరఫున వకాలత్నామా తీసుకున్నాడు. కానీ కోర్టులో జవాబు ఏమని వచ్చింది? కనకయ్య మా షెడ్డులో కాలు పెట్టలేదు. ఆ సాంచెలు సిద్ధిరాములువి, కార్డు చూడండి. సిద్ధిరాములు బతికే ఉన్నాడు. కనకయ్య ఎక్కడో తాగి రోడ్డు మీద పడిపోయాడు. ఇదీ జవాబు. అయ్యా, కాగితం ప్రకారం ఆ షెడ్డులో ఎవరూ చనిపోలేదు!

సత్తెమ్మ అప్పుడు నా దుకాణం అరుగు మీద కూర్చుని ఉంది. ఇది నేను విన్నది కాదు, నా ఎదురుగా జరిగింది. "నా పెనిమిటి తాగి సచ్చిండని రాసిన్రు. ఆయన పని మీద సచ్చిండు. గా ముక్క జడ్జి రాయాలె. నాకు ఇంకేం వద్దు" అంది. పర్శరాములు కార్డు నకలు చేతిలో పట్టుకుని, "కాగితం దానంతట అది రాసుకోదు తల్లీ. రాసినోన్ని అడుగుత. కానీ కనకయ్యను ఆడ చూసినోడు ఒకడు కావాలె" అన్నాడు.

ఆ మాట బయటికి రాగానే మన సమాజం కదిలింది. సాక్ష్యం చెప్తామని గల్లీ గల్లీ నుంచి వచ్చారు. ఆయన ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి అదే ప్రశ్న అడిగాడు. ఒక్కరూ చూసినవాళ్ళు లేరు. అందరూ విన్నవాళ్ళే. చెప్తున్నది నిజమే అయినా అందరినీ తిప్పి పంపాడు. ఎంత తిట్టుకున్నారో ఆయన్ని! బావను కాపాడుకుంటున్నాడని కూడా అన్నారు. సిద్ధిరాములు ఊరి నుంచి పరుగున వచ్చాడు. తాను ఊళ్ళో ఉన్నానని, బావ కనకయ్యను నిలబడమన్నానని అతను చెప్పగలడు. నిలబడ్డాడని చెప్పలేడు కదా. నిజంగా చూసినవాళ్ళు, ఆ షెడ్డులో పనిచేసేవాళ్ళు, ఎవరూ రాలేదు. సమన్లు పంపించమని నేనే అన్నాను. "సమన్లు పంపితే మనిషి వస్తడు. నోరు తెరుసుడు వాని చేతుల ఉంటది" అన్నాడు.

అప్పుడు తన నల్లకోటు విప్పి నా కౌంటరు మీద పెట్టాడు. "నేను చూసిన" అన్నాడు.

కనకయ్య పోయిన రోజు పొద్దున మార్కండేయ జయంతి పిలుపు చెప్పడానికి బావ కార్ఖానాకు పోయాడట. సిద్ధిరాములు సాంచెల దగ్గర కనకయ్య దారం అతుకుతున్నాడట. "మీ బామ్మర్ది ఎప్పుడొస్తడు?" అని పలకరించాడట. సాక్షిగా నిలబడేవాడు అదే కేసులో వకీలుగా ఉండకూడదు. అందుకే అంతదాకా ఇంకో సాక్షి కోసం చూశాడు. ఇక కేసు సోనాలికి అప్పగించాడు. ఆమె ఆయన దగ్గర పని నేర్చుకున్న మన బిడ్డే. ఆ తర్వాత ఎక్కడికి పోయాడో తెలుసా? నేరుగా బావ ఇంటికి. "బావా, నేను బోనెక్కుతున్న. నీకు ముందుగాల చెప్పిపోదామని వచ్చిన" అని చెప్పి వచ్చాడు. ఆయన అక్క సుశీలాబాయి పీట వేసి అన్నం పెట్టిందట. తిని వచ్చాడు. ఇది నాకు చెబుతూ ఏడ్చాడు. ఏడవడం మాత్రం నేను చూశాను.

మిత్రులారా, సాక్ష్యం చెప్పే తారీఖు రాకముందే ఆయన గుండె ఆగిపోయింది.

ఆయన నాతో చెప్పింది నేను బోనెక్కి చెప్పనా అని సోనాలిని అడిగాను. "చిన్నాయినా, మీరు ఇన్నరు, చూడలే. కోర్టుల చాలత్ నాహీ, నడవది" అంది. పోయినవాళ్ళ మాటను కోర్టు తీసుకునే సందర్భాలు కొన్ని ఉన్నాయి. తన చావుకు కారణమేమిటో చెప్పిపోయిన మాట అలాంటిది. పర్శరాములు చెప్పింది ఆ కోవలోకి రాదట. ఆయన జీవితమంతా పట్టుకున్న నియమమే ఇవాళ ఆయన మాటకు అడ్డం వచ్చింది. నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

దినాల రోజు కొందరు తమ్ముళ్ళు నా దగ్గరికి వచ్చి, "మేం చూసినమని చెప్తం, వకీల్ సాబ్ ఆత్మ శాంతిస్తది" అన్నారు. మీ ప్రేమకు దండం. కానీ శాంతించదు. ఆయన మిమ్మల్ని అప్పుడే తిప్పి పంపాడు. ఇప్పుడు నేనూ పంపుతున్నాను.

గాలయ్య సేట్, మీరూ వచ్చారు. పాడె మోశారు. బామ్మర్దిని పోగొట్టుకున్న దుఃఖం మీకు నాకన్నా తక్కువని అనను. మీ మీద నాకు కేసు లేదు. కేసు సత్తెమ్మది. ఆమె ముందు వరుసలో కూర్చుంది, చూడండి.

ఇక ఆ పొద్దున షెడ్డులో ఉన్నవాళ్ళకు ఒక మాట. మీరు ఈ హాల్లోనే ఉన్నారు. నేను మీ వైపు చూడను. మీ భయం నాకు తెలుసు. సాంచెలు పోతాయి, రూమ్ ఖాళీ చేయమంటారు. నేను మీ చోట ఉంటే ఏం చేసేవాణ్నో నాకు తెలియదు. కానీ మిమ్మల్ని ఎవరూ పెద్ద మాటలు అడగడం లేదు. తప్పెవరిదో చెప్పక్కర్లేదు. ఆ పొద్దున ఆ సాంచెల దగ్గర కనకయ్య ఉన్నాడు. అంతే. ఇంతమంది సాక్షులు ఉండాలని చట్టం అడగదు. చూసినవాడు ఒక్కడు చాలు.

రేపు పొద్దున సోనాలి నా దుకాణంలో కూర్చుంటుంది. పెన్ను కొనడానికి వచ్చినట్టు రండి. ఎవరూ అడగరు.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. సత్తెమ్మా, నువ్వు కూడా లే తల్లీ. పర్శరాములు కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. ఆయన కోసం మనం నోరు మూసుకోవాల్సింది ఈ రెండు నిమిషాలే.