నెర్రెలో విరిగిన ఊచ

వాగులో కొట్టుకొచ్చిన బంగారం అడుక్కి దిగి ఉంటుందని బావా బావమరిదీ కలిసి చూసిపెట్టుకున్న రాతి నెర్రె అది. బావమరిది పొద్దున్నుంచీ బోర్లా పడుకుని అందులో కంకర తోడుతున్నాడు. బావ నీడన కూర్చున్నాడు.

"బావా, అడుగున ఇనపముక్క దొరికింది. ఇది నువ్వు కంకర గీకే ఊచ మొనే కదూ?"

బావ గతుక్కుమన్నాడు. "ఊచలన్నీ ఒకలాగే ఉంటాయిరా."

"ఈ కొక్కెం వంచింది నేను. నా చేతిపని నేను పోల్చుకోలేనా? తలుపు సందులో ఇరుక్కుని విరిగిందన్నావు."

"విరిగింది. ఎక్కడైతేనేం?"

"నెర్రెంతా ఊడ్చేసి, మళ్ళీ కంకర కూరి, పైన నాచు కూడా పరిచావు. ఎంత ఓపిక బావా నీకు!"

"రవ్వంత దొరికిందిరా. మీ అక్క దుద్దులకే బొటాబొటీగా సరిపోయింది."

"నిన్న అక్క చూపించింది. ఈ నెర్రెలోదేనటగా. 'నీ వాటా నీకిచ్చేశాడటగా' అని మురిసిపోయింది."

బావ లేచి నిలబడ్డాడు. "నువ్వేమన్నావు?"

"ఇచ్చాడన్నాను."

"మరి అన్నీ తెలిసి, పొద్దున్నుంచీ ఎందుకు తవ్వావురా?"

"ఒక్కసారైనా వద్దంటావేమోనని."