ఒక్క మిల్లీమీటరు

సీసపు తలుపు అవతల, బొత్తామంత బ్యాటరీ ఒకటి ఎక్స్-రే కిరణం కింద చార్జవుతోంది. ఇవతల తెర ముందు ఇద్దరున్నారు: బ్యాటరీ తెచ్చిన బావగారు, యంత్రం నడిపే మరదలు. ఆరేళ్ళుగా ఆయన పేరు వింటేనే ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

"కదపకు. కిరణం అక్కడే ఉండనీ."

"నాలుగు గంటలైంది బావగారూ, ఒకే చోట. దానికి మాత్రం విసుగు రాదూ?"

"వేళాకోళం వద్దు. తెరమీద గ్రాఫులో ఆ పీక్, ఆ శిఖరం చూడు. పొద్దుటి నుంచి వెంట్రుకవాసి జరగలేదు."

"చూస్తూనే ఉన్నా. ఈ పొడి కొనడానికొచ్చి కింద హాల్లో కూర్చున్న ఫ్యాక్టరీవాళ్ళకి ఏమని చెప్పను? ఇలా చెప్పనా? అయ్యా, చార్జి పెడితే బ్యాటరీలో కాథోడ్ అనే కొసన ఉన్న పొడిలోంచి లిథియం బయటికి పోతుంది. పోగా పోగా లోపలి పొరలు నలిగిపోతాయి, పొడి పగుళ్ళిస్తుంది. నలిగితే ఈ పీక్ పక్కకి జరుగుతుంది. మా బావగారి పొడి మాత్రం ఎంత చార్జి పెట్టినా నలగదు..."

"అంతే. అంతే చెప్పు. సాయంత్రానికి సంతకాలైపోతాయి."

"మా బావగారి పొడి అన్నానా? నోరు జారాను. చేసింది నేను కదూ."

"మళ్ళీ మొదలెట్టావా? ఆరేళ్ళయింది."

"అవును, నా కంప్యూటర్లోంచి గ్రాఫులు పట్టుకెళ్ళి, మీ ఒక్కరి పేరుతో అచ్చేయించుకుని ఆరేళ్ళయింది."

"అప్పుడే మీ అక్క నీతో మాట్లాడింది. నువ్వు సరేనన్నావు."

"మాట్లాడలేదు, ఏడ్చింది. కొత్త కాపురమే, గొడవ చెయ్యకే అని కాళ్ళావేళ్ళా పడింది. నోరు మూసుకున్నాను. మీరు పెద్ద సైంటిస్టైపోయారు, నేను ఇక్కడ అందరి బ్యాటరీలకీ కాపలా కాస్తున్నాను."

"ఈ ఉద్యోగం నీకు ఎవరు..."

"మీరే ఇప్పించారు. చుట్టాలెవరు కనపడినా చెబుతారుగా, మర్చిపోతానా?"

"సరే. ఏం కావాలి నీకు? ఈసారి రీసెర్చ్ పేపర్లో నీ పేరే ముందు పెడతాను."

"అబ్బే, అంత పెద్ద కోరికలు లేవు. ఒక్క మిల్లీమీటరు చాలు."

"ఏమిటి?"

"కిరణాన్ని ఒక్క మిల్లీమీటరు పక్కకి జరుపుతాను."

"వద్దు. ఎందుకది? అనవసరంగా..."

"పొడి అంతా ఒకటేగా. ఇక్కడ నలగనిది పక్కన నలుగుతుందా?"

"వద్దన్నానా."

"జరిపేశాను. చూడండి. అటు తిరిగితే ఎలా బావగారూ, తెర ఇటుంది. పీక్ ఎక్కడికి పోయిందో చూడండి."

"ఇది... సెల్ పాడైనట్టుంది."

"సెల్ నిక్షేపంలా ఉంది. ఇంకోచోట చూద్దాం. ఇదిగో. ఇంకోటి, ఇదిగో. అంతటా నలిగి పిప్పయింది, పొద్దుటి నుంచి మనం చూస్తున్న ఆ ఒక్క చోట తప్ప."

"అంటే..."

"అంటే ఆ చోటుని కిరణమే చంపేసింది. గంటల తరబడి ఒకేచోట పడితే అక్కడ చార్జింగే ఆగిపోతుంది. లిథియం కదల్లేదు, అందుకే పీక్ కదల్లేదు. చచ్చినదాన్ని చూసి గట్టిదనుకున్నాం."

"మరి ఆ పాత గ్రాఫులు..."

"అవీ ఒకేచోట తీసినవే. కొత్తలో తెలీక అలా తీశాను. మీరు అలాగే పట్టుకెళ్ళారు."

"ఆపెయ్. ముందు ఆ ఫైలు తీసెయ్యి. కిందవాళ్ళు చూడకముందే."

"కింద హాల్లో తెరమీదా ఇదే వస్తోంది. అక్కడ కూడా చూపించమని మీరేగా పట్టుబట్టారు."

"నేను రోడ్డున పడతాను. మీ అక్క మొహం చూసైనా..."

"ఆ మొహం ఒకసారి చూశాను. ఇక చాలు."

"నీకిది... ఎప్పుడు తెలిసింది?"

"మీరు గ్రాఫులు పట్టుకెళ్ళిన కొన్ని నెలలకి. అనుమానం వచ్చి జరిపి చూశాను."

"ఆరేళ్ళూ తెలిసి కూర్చున్నావా? ఒక్క మాట చెప్పచ్చు కదా నాకు."

"చెబుదామనే పరిగెత్తుకుంటూ మీ గదికొచ్చాను. మీ ఒక్కరి పేరుతో అచ్చయిన పేపరు గోడకి అంటించి, కేకు కోస్తున్నారు. నా చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. తిని వచ్చేశాను."