మూడో చరణంలో జారిన ప్యాంటు

మధ్యాహ్నం మూడున్నర. స్టేజీ వెనక కుట్టు గదిలో ఫ్యాన్ తిరుగుతోందంటే తిరుగుతోంది, గాలి మాత్రం రావట్లేదు. పదకొండు రోజుల్నుంచి రిహార్సల్సు, అందరి మొహాలూ ఉతికి, పిండి, ఆరేయడం మర్చిపోయిన బట్టల్లా ఉన్నాయి. దర్జీ అక్క ముందు బల్ల మీద గళ్ల గుడ్డ పరిచి ఉంది, వంటవాడి ప్యాంటు కోసం. ఈ పాటల నాటకంలో నవ్వించే వేషం వంటవాడిదే, పాడుతూ పాడుతూ ఉండగా ప్యాంటు జారిపోవాలి. గుడ్డేమో ఒక్క ప్యాంటుకే ఉంది, కత్తెర పెట్టాలంటే నడుం ఎవరిదో తెలియాలి కదా. నాలుగింటికల్లా తేల్చేస్తానంది డైరెక్టరమ్మ.

ఆ వేషానికి ఇద్దరున్నారు. ఒకడు టీవీ షోల్లో నవ్వించేవాడు, ఒక్క ఫోన్ కొడితే రేపే దిగిపోతాడు. రెండో ఆయన ఇదిగో, ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్న ఏడుపు బాబాయ్. ముప్పై ఏళ్లు స్టేజీ మీద ఏడ్చి, జనాన్ని ఏడిపించి సంపాదించిన పేరది. ఈ ఏడు కంపెనీలో ఏడుపు నాటకం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ వేషం పోతే ఇంక ఆయన ఇంట్లో కూర్చోవడమే. అందుకే పొద్దున రిహార్సల్లో కళ్లు గిరగిరా తిప్పాడు, నాలుక బయటపెట్టాడు, రెండుసార్లు కావాలని పడ్డాడు కూడా. ఒక్కడు నవ్వితే ఒట్టు. మోకాలు వాచింది, అక్క గుడ్డ తడిపి కట్టు కట్టింది, అంతే మిగిలింది.

"మీకు తెలీదు గానీ, కామెడీ నాకు కొత్తేం కాదు" అన్నాడు బాబాయ్ టీ గ్లాసు తిప్పుతూ.

డ్రమ్ములాయన నేల మీద పడుకునున్నాడు. కళ్లు కూడా తెరవలేదు. "మొదలైంది" అన్నాడు.

"పదిహేనేళ్ల కిందటి మాట. అదీ పాటల నాటకమే. కమెడియన్‌కి గొంతు పట్టేసింది, నువ్వెక్కవయ్యా అన్నారు, ఎక్కాను. గొప్పలు చెప్పుకోవడం నాకు రాదు గానీ, మొదటి పాటకే రెండు నవ్వులు. చిన్నవే."

"రెండేనా? పర్లేదు, నమ్మొచ్చు."

"పచ్చ ప్యాంటు వేసుకున్నా. మూడో చరణంలో జారాలి, జారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు వరసలో ఒక పెద్దాయన ఎంత నవ్వాడంటే నోట్లో పళ్ల సెట్టు ఎగిరి తిన్నగా వెళ్లి బాకా ఊదేవాడి బాకాలో పడింది, వాడు చూసుకోలేదు, ఊదేశాడు, ఇంక ఆ బాకా పాట వాయిస్తుందా? ఇకిలించింది!"

"పళ్లు తిరిగిచ్చారా లేదా?"

"ఇద్దామంటే ఆయన నవ్వు ఆపితేగా పెట్టడానికి!"

పచ్చ ప్యాంటు అన్నప్పుడే అక్క చెయ్యి ఆగింది. నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి, మాట్లాడలేదు. మాట్లాడే ఓపిక కూడా లేదు. పైగా పాపం, ఆయన్నెందుకు గిల్లడం.

బాబాయ్ స్టూలు మీంచి లేచాడు. చేతులు రెండూ గాల్లోకి లేచాయి, కళ్లు మళ్లీ గిరగిరా. "బాల్కనీ వాళ్లు కాళ్లు కొట్టి కొట్టి నవ్వుతుంటే హాలు మొత్తం రెండడుగులు పక్కకి జరిగింది! మర్నాడు వెనక తలుపు తీస్తే వీధి లేదు, పక్కనున్న మంగలి షాపు! ఒకడు సగం గడ్డంతో కూర్చునున్నాడు, వాడు నన్ను చూశాడు, వాడూ నవ్వడమే! గొడవేంటని పోలీసులొచ్చారు, నవ్వి నవ్వి వాళ్ల బెల్టులు తెగాయి!"

"అంటే ప్యాంట్లు వాళ్లవీ జారాయన్నమాట."

"జారవా మరి! ఇది కాదు, ఇంకా విను. ఆట అయ్యాక నవ్వులు హాల్లోనే ఉండిపోయాయయ్యా. ఊడ్చే ఆవిడ కుర్చీల కింద చీపురు పెడితే చాలు, గుప్పెడేసి కిలకిలలు బయటికొచ్చేవి. ఏం చేయాలో తెలీక సంచుల్లో ఎత్తి మూతి కట్టి, పక్క ఊరి హాలుకిచ్చాం, అక్కడ నాటకం బాలేదంటే. ఆ సంచులు విప్పుకుని ఏడాదంతా నెట్టుకొచ్చారు వాళ్లు!"

అప్పుడు చూసింది అక్క. తలుపు దగ్గర డైరెక్టరమ్మ నుంచుని ఉంది, ఎప్పుడొచ్చిందో ఏమో. నవ్వట్లేదు. ఆవలించింది. తిరుగుతున్న బాబాయ్ కళ్లని ఒకసారి చూసి, చేతిలో ఫోన్ పైకెత్తి, టీవీ వాడి నంబరు వెతకడం మొదలెట్టింది. బాబాయ్ ఆమెను చూసి ఇంకాస్త నాలుక బయటపెట్టాడు. ఆయన పని అయిపోయినట్టే. ఇంక ఒక్క నిమిషం ఇలాగే కళ్లు తిప్పితే ఫోన్ మోగేస్తుంది.

అక్క సూదులు ఒక్కొక్కటీ తీసి బల్లకి గుచ్చింది.

"బాబాయ్, ఆ పచ్చ ప్యాంటు కుట్టింది నేను. అప్పటికి కొత్త, నీకు గుర్తుండదు. మూడో చరణంలో దారం లాగి దాన్ని జార్చింది కూడా నేనే, తెర పక్కన నుంచుని. నడుం ముప్పై రెండు. నీకది మోకాలు దాటదు."

అక్క కత్తెర చేతిలోకి తీసుకుంది.

"ఆ నాటకంలో నీ వేషమేంటో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

బాబాయ్ చేతులు కిందికొచ్చాయి. కళ్లు ఆగాయి. నాలుక లోపలికెళ్లింది. మొహం ఎక్కడెక్కడో తిరిగొచ్చి, కాళ్లు పీకి, మళ్లీ తన అసలు చోట కూలబడింది.

"శవం" అన్నాడు.

డ్రమ్ములాయన ఒక కన్ను తెరిచాడు. "శవమా?"

"రెండో అంకంలో. మంచం మీద. చుట్టూ ఎనిమిది మంది నుంచుని నలభై నిమిషాలు పాడతారు. రోజుకి రెండాటలు చేస్తున్నామప్పుడు, బాగా అలిసిపోయున్నా. పరుపేమో మెత్తగా ఉంది." స్టూలు మీద కూర్చుని కట్టు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నిద్ర పట్టేసింది."

"అయితే ఏంటి? శవమే కదా, ఎవరికి తెలుస్తుంది?"

"నా భార్య వేషం వేసినావిడ నా గుండె మీద పడి ఏడుస్తోంది. 'ఒక్కసారి, ఒక్కసారి పలకవయ్యా' అని." కట్టు ముడి సర్దుకున్నాడు. "గురక పెట్టాను."

డ్రమ్ములాయన లేచి కూర్చున్నాడు.

"ఆవిడ మంచి నటి, ఆపలేదు. 'విన్నారా, నా పేరే పిలుస్తున్నాడు' అంది. నేను అటు తిరిగి పడుకున్నాను."

ముందు అక్కకే వచ్చింది నవ్వు, ఆపుకోలేక గళ్ల గుడ్డ మీద వాలిపోయింది. డ్రమ్ములాయన నేల మీద దరువేస్తూ దొర్లుతున్నాడు. డైరెక్టరమ్మ తలుపుకి ఆనుకుని, ఫోన్ సంగతి వదిలేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"నవ్వకండి" అన్నాడు బాబాయ్ అదే మొహంతో. "ఆ తర్వాత ఆర్నెల్లు నాకు శవం వేషం కూడా ఇవ్వలేదు."

దాంతో ముగ్గురూ మళ్లీ మొదలు.

కాసేపటికి ఊపిరి తీసుకుని డైరెక్టరమ్మ ఫోన్ సంచిలో పడేసింది. "బాబాయ్ గారూ, ఇదే మొహం. ప్యాంటు జారినా ఇదే మొహం. ఇల్లు కాలిపోయినంత బాధగా పాడండి. కళ్లు తిప్పారో, ఇటు నంబరు తిప్పేస్తా."

బాబాయ్ తలూపాడు. గ్లాసులో చల్లారిన టీ మొత్తం ఒక్క గుక్కలో తాగేశాడు.

అక్క మెడలోంచి టేపు తీసింది. "లే, లే. గుడ్డ కోయాలి. నడుం ఎంత?"

బాబాయ్ లేచాడు, గాలి లోపలికి పీల్చి బిగబట్టాడు. ఏడుపు మొహంతోనే అన్నాడు, "ముప్పై రెండు."

టేపు చుట్టూ తిరిగొచ్చి నలభై ఒకటి దగ్గర కలిసింది. అక్క సుద్ద తీసుకుని గుడ్డ మీద గీత గీస్తూ అడిగింది:

"మిగతా తొమ్మిదీ ఎవరివి బాబాయ్?"