ఐదు గంటలు వెనక నడిచే గడియారం

ఆగాగు అమ్మడూ, ఆ గడియారం ముల్లు తిప్పకు! తప్పు టైమని నాకూ తెలుసు, దాదాపు ఐదు గంటలు వెనక. అది అలాగే ఉండాలి. ముందు స్టూలు దిగు. ఫోను చూసి చూసి మొహం వాడిపోయింది, ఇప్పుడు గోడ మీద పడ్డావా? ఏంటీ, ఇవాళా ఎర్రగానే ఉందా? పై దేశం షేర్లు కదూ? ఈ పిచ్చి నీకెక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసులే. మీ అమ్మమ్మ వాళ్ళన్నయ్య, గడియారాల బావ. నువ్వు పుట్టకముందే పోయాడు.

నా కళ్ళజోళ్ళ కొట్టుకీ ఆయన రిపేరు కొట్టుకీ మధ్య చెక్క గోడే అడ్డం. నేను తుమ్మితే అక్కడ ఆయన చేతిలో చిన్న స్క్రూ ఎగిరిపోయేది, ఇక తిట్లే తిట్లు. ఒక ఏడు ఊళ్ళో ఫ్యాక్టరీ మూతపడింది, దాచుకున్నది తీసేసుకోవాలని బ్యాంకు ముందు జనం బారులు తీరారు. అందరూ బంగారం మీద పడితే ఈయన పై దేశపు గడియారాల కంపెనీ షేర్లు కొంటానన్నాడు. ఎందుకు బావా అంటే, "నాలుగేళ్ళుగా ఊరంతా వాళ్ళ ప్లాస్టిక్ గడియారాలే పెట్టుకు తిరుగుతోంది. ఒక్కటైనా రిపేరుకి నా బల్ల ఎక్కిందా? అంత గట్టి సరుకు చేసేవాడు మునగడయ్యా!" మరి నిజమే కదా అనిపించింది. లెన్సులు అరగదీసే మిషను కోసం దాచిందంతా తీసి, మీ అమ్మమ్మ పేరున నేనూ కొన్నాను. ఇదిగో, ఈ గడియారం అప్పుడే తన కొట్టు గోడకి తగిలించి అక్కడి టైము పెట్టాడు. "రిపేరు చేసేవాడి గడియారమే తప్పు నడుస్తోందే" అని వచ్చినవాళ్ళు నవ్వితే, "వాళ్ళ మార్కెట్ ఇంకా తెరవలేదండీ" అనేవాడు, మహా దర్జాగా.

ఆర్నెల్లకి ధర సగానికి పడింది. మీ అమ్మమ్మ అన్నయ్యతో మాట మానేసింది. నాకు అన్నం సయించేది కాదు. అమ్మేస్తాను బావా అని వెళ్ళి కూర్చున్నా. బావ కంటికి పెట్టుకున్న భూతద్దం కూడా తియ్యలేదు. "బయటెందుకు? నాకే అమ్ము. నువ్వు కొన్న ధరకే ఇస్తా. చెల్లెలి చేత ఈ కాగితం మీద సంతకం పెట్టించు చాలు." పెట్టించాను. డబ్బు తెచ్చి ఇచ్చాడు. తన కొట్లో గడియారం ఇరుసులు చెక్కే చిన్న మిషను అమ్మి తెచ్చాడని తర్వాత తెలిసింది. తెలిసి కూడా ఊరుకున్నాను, సిగ్గులేకపోతే సరి.

తర్వాత ధర లేచింది చూడు, అలా ఇలా కాదు. నేను కుళ్ళి చచ్చాను. ఒకరోజు ఒకావిడ వచ్చి ఆగిపోయిన ప్లాస్టిక్ గడియారాన్ని బావ చెత్తబుట్టలోనే పడేసింది. "బాగు చేస్తానుండమ్మా" అంటే, "ఎందుకండీ, బాగు చేయించేకన్నా కొత్తదే చవక" అని వెళ్ళిపోయింది. బావ దాన్ని బుట్టలోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత నవ్వాడమ్మా, కళ్ళమ్మట నీళ్ళు కారేలా. "అదా సంగతి! అందుకా ఒక్కటీ నా దగ్గరికి రాలేదు! నా పని తినేసి నా షేరు పెంచుతున్నాడయ్యా!" రెండేళ్ళకి కొట్టు మూసేశాడు. నవ్వు మాత్రం మానలేదు.

పోయాక ఆయన సామాన్లు సర్దుతుంటే భూతద్దం డబ్బాలో మీ అమ్మమ్మ సంతకం పెట్టిన కాగితం దొరికింది. మడత మడతలాగే ఉంది. షేర్లు తన పేరుకి మార్చమని కంపెనీకి పంపనే లేదు. మేం కొన్నవన్నీ ఇంకా చెల్లెలి పేరునే ఉన్నాయి. మీ అమ్మ డాక్టరు చదువు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు? మీ అమ్మమ్మ ఆ కాగితం పట్టుకుని, నెల రోజులు మాట్లాడకుండా ఉండిపోయానే అని ఒకటే ఏడుపు. నేనైతే...

ఏదీ, ఫోను ఇలా తే. ఇంకా ఎర్రగానే ఉందా? అమ్మాలో వద్దో నన్నడగకు, భయపడి అమ్ముకున్నవాణ్ణి. మళ్ళీ స్టూలెక్కి ఆ గడియారానికి కీ మాత్రం ఇవ్వు. పదకొండు తిప్పులు. ఎక్కువైతే స్ప్రింగు తెగుతుంది, బాగుచేసేవాడు లేడు.