మైదానాన్ని గెలిచిన కళావతక్క

అధ్యక్షులు వెంకటనారాయణ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, కుర్చీలు చాలక నిలబడ్డ అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు పుష్పలత నమస్కారాలు. మబ్బు కమ్ముకొస్తోంది, వంటల దగ్గర నుంచి శ్రీశైలం చెయ్యి ఊపుతున్నాడు, అయినా నేను తొందరగా ముగించను. (నవ్వులు)

రామ్‌సింగ్ బావ గనిలో రిటైరయ్యాడు. క్వార్టర్ అప్పగించి, మనకు కుట్టుపని నేర్పిన కళావతక్క ఆయనతో తల్లాడ వెళ్లిపోతోంది. మనం కూర్చున్న ఈ మైదానంలో చెత్త పోస్తారని కబురొచ్చిన ఆ వేసవిలో, మనమంతా అరిచి గోల చేస్తుంటే, అక్క మాత్రం ఆ కబురు తెచ్చిన కంపెనీ ఆఫీసరుకు ఎదురుగా నిలబడి, "సార్, మా లైన్ల చెత్త మేమే తగ్గిస్తం. గప్పుడు ఈ జాగ ఇడిసిపెడ్తరా?" అని అడిగింది. ఆయన నవ్వి, "వానాకాలం దాటేదాకా చూస్తనమ్మా" అన్నాడు.

అక్క మాట మీద మనం లైన్ల చివర పెట్టి, తొక్కలు, మిగిలిన మెతుకులు వేసిన ఎరువు డ్రమ్ములు తొలి వానకే కంపు కొట్టాయి. "గీ వాసనేందక్కా? జల్దీ తీసెయ్" అని పోట్లాటకు వచ్చింది ఎవరో కాదు, శ్రీశైలమే! (నవ్వులు) అక్క డ్రమ్ములన్నీ తన వాకిట్లోకి దొర్లించుకుని, రాలిన ఎండుటాకులు ఊడ్చుకొచ్చి, తడి చెత్త మీద పొరలుగా కప్పుతూ కలిపింది. కంపు పోయింది. తయారైన ఎరువు తొలి బుట్ట శ్రీశైలం వాళ్ల బీరపాదుకే పంపింది. ఆ పాదు పందిరంతా అల్లుకోగానే అతను పానాలు, స్క్రూడ్రైవర్లు పట్టుకొచ్చి, "పాడైన మిక్సీలు, కుక్కర్లు పారేయకుండ్రి, నేను బాగుచేస్త" అన్నాడు. చిరిగిన చీరలు కుట్టుకేంద్రంలో సంచులయ్యాయి. సీసాలు, అట్టపెట్టెలు పాత సామాన్ల బండెక్కాయి.

వానలు వెనకబట్టాక ఆఫీసరు వచ్చి, మన లైన్లన్నీ తిరిగొచ్చిన చెత్తబండిలోకి తొంగిచూసి, "ఈ క్వార్టర్లల్ల మనుషులు లేరా ఏంది?" అన్నాడు. (చప్పట్లు) మైదానం మనకే మిగిలింది! ఆ సాయంత్రం పిల్లలు ఆటలో వేసిన కేకలు నాకిప్పటికీ వినిపిస్తాయి.

అక్కా, పొద్దున నీ సామాను ట్రాలీ ఎక్కుతుంటే నేను తలుపు తీయలేదు. నువ్వే వచ్చి, "గెలిచినోళ్లు ఏడుస్తరానే పిచ్చిదానా?" అన్నావు. ఏడవనక్కా. పక్క కాలనీవాళ్లు రేపు మన దగ్గర ఎరువు చేయడం నేర్చుకోవడానికి వస్తున్నారు, నేర్పేది నేనే.

విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మా అక్కను దండలతో, డప్పులతో సాగనంపుదాం లేవండి. సెలవు.